చెప్పులు విడిచి దాటే వంతెన

ఈమధ్య విశాఖపట్నం కాలేజీల నుంచి కుర్రాళ్ళు జట్లు కట్టి మన్యం కొండల మీదికి సాహసయాత్రలని బయల్దేరుతున్నారు. వాళ్ళు చూసి రావలసిన వాటిలో పెద్దగెడ్డ అనే కొండవాగు మీది వేలాడే వంతెన ఒకటి. మా చోడవరంలో నన్ను కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు, "మాష్టారూ, మీరు ఎళ్ళొచ్చేరట గదా, ఎలగుంటాదేటి?" అని. ఎలా ఉంటుందో చెబుతాను. రెండు కొండల మధ్య ఇనుప మోకులు లాగి కట్టి, అడుగున వెదురు పరిచారు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి చాలా బాగుంటుంది. నేను చూడ్డానికి వెళ్ళలేదు. నా తమ్ముడు దాన్ని దాటాడో లేదో తెలుసుకుందామని వెళ్ళాను.

చోడవరం

మా సన్యాసి మలేరియా డిపార్టుమెంటులో చేసేవాడు. పదిహేను రోజులకోసారి కొండ ఊళ్ళు తిరగాలి. జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి గాజుపలక మీద రక్తపుచుక్క తీసుకోవాలి, మాత్రలివ్వాలి, వచ్చినట్టు గుర్తుగా ఆ ఇంటి గోడ మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో వెళ్ళినవాడు తిరిగి రాలేదు. డ్యూటీకి హాజరు కాలేదని ఒక కాగితం వచ్చింది. పోలీసులు వచ్చి మమ్మల్నే నాలుగు ప్రశ్నలు వేసి వెళ్ళారు. ఊరు మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తేల్చేసింది. గెడ్డ అవతల ఎవరో కొండగుంటని కట్టుకుని కాపరం పెట్టేశాడట.

నేనూ నమ్మాను. ఇప్పుడు దాచి లాభం లేదు, నమ్మడం నాకు తేలికగా ఉండింది. బడికి వెళ్ళేదారిలో ఎవరైనా నవ్వితే నా గురించే అనుకుని తలవంచుకు పోయేవాణ్ణి. ఇంట్లో వాడి పేరెత్తొద్దని అందరికీ చెప్పాను. వెతకడానికి మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టలేదు. పరువు పట్టుకుని కూర్చున్నాను.

మొన్న మార్గశిరంలో వాడి భార్య పైడమ్మ అన్నలు కె.కోటపాడు నుంచి వచ్చారు. కనపడకుండా పోయినవాడికి పన్నెండేళ్ళు చూడాలంటారు గానీ, అన్నాళ్ళెందుకు, కర్మ చేయించి పిల్లని మాతో పంపెయ్యండి అన్నారు. వాళ్ళు బస్సెక్కాక పైడమ్మ వచ్చి తలుపు వెనక నిలబడింది.

"బావగారూ, నన్నోపాలి ఆ వంతెన కాడికి అట్టుకెళ్ళండి."

"అక్కడేముంది?"

"ఆయన అవతలుంటే నా బొట్టు నాకుంటాది. నేకపోతే మీరు సెప్పినట్టే సేస్తాను."

ఇంటికి వచ్చిన పదేళ్ళలో ఆ అమ్మాయి నాతో అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. మర్నాడే సెలవుచీటీ రాసిచ్చాను. కొండదారి కదా అని బజారులో ఆమెకి నీలం పట్టీల హవాయి చెప్పులు కొన్నాను. మా ఇళ్ళల్లో బావగారి ఎదుట ఆడవాళ్ళు చెప్పులేసుకోరు. బస్టాండు దాకా వాటిని చేత్తో పట్టుకుని నడిచింది. నేను కసిరితే వేసుకుంది. నేను ముందుకు తిరగగానే మళ్ళీ విప్పేసింది.

మాడుగుల

మాడుగులలో బస్సు చాలాసేపు ఆగుతుంది. హల్వా కొనకుండా ఆ ఊరు దాటితే పాపమన్నట్టు అందరూ దిగిపోయారు. సన్యాసి కొండ దిగివచ్చిన ప్రతిసారీ ఆకులో కట్టించి తెచ్చేవాడు. పైడమ్మ కూడా దిగి అరకిలో కొంది. ఎవరికి అని నేను అడగలేదు.

బస్సులో కూచున్నాక ఆమె సంచిలో కొత్తచీర కనిపించింది. ఆకుపచ్చ నేతచీర, ఎర్రంచు, దాని మీద మడతపెట్టిన రవికెగుడ్డ. ఆమెవి కావు, ఆమె అంత మంచివి కట్టుకోదు.

"ఇదేమిటి?" అన్నాను.

"ఆ గుంటకి." కిటికీ వైపు తిరిగి చెప్పింది. "సెయ్యి ఊపుకుంటూ ఎలాగెళ్తాం? దాన్ని తగువాడొద్దు బావగారూ. మంచిగా అడుగుదాం. ఏడాదికోపాలి ఆయన్ని పంపితే సాలు. అదీ కుదరదంటే ఓపాలి సూసొచ్చేద్దాం."

నా తమ్ముడు ఇంకో ఆడదానితో ఉన్నాడన్నది ఊరికి వేడుక, నాకు అవమానం. ఈమెకి మాత్రం అదొక్కటే గంపెడాశ. అది అబద్ధమైతే ఆమెకి మిగిలేది ఏమీ లేదు. ఆ సంగతి నాకు ఆ బస్సులో, ఆ చీర అంచు చూస్తూ ఉండగా తెలిసింది.

ఘాటీ సగంలో ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. డ్రైవరు బకెట్టు పట్టుకుని లోయలోకి దిగాడు. నేను దిగి రోడ్డుపక్కన కూలబడితే ఒక కొండావిడ తన గంపలోంచి నారింజ తీసి చేతిలో పెట్టింది. ఎంతివ్వమంటావంటే నవ్వి వెళ్ళిపోయింది. మన్యం వాళ్ళు చిల్లంగి పెడతారు, చేతబడి లాంటిది, చేతికిచ్చింది తినకూడదు అని మావైపు చెప్పుకుంటారు. నేను తిన్నాను. పుల్లగా ఉంది, ప్రాణం లేచొచ్చింది.

పాడేరు

మేం దిగేసరికి సంత జోరుగా ఉంది. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు, పసుపు కొమ్ములు, పనసగింజలు, చింతపండు. కొండవాళ్ళు ఆకులో పెట్టిన కుప్పకి ఒక ధర చెబుతారు, ఇక బేరం లేదు. మనవాళ్ళు చేసే బేరానికి వాళ్ళు కోప్పడరు, ఆ కుప్ప తీసి గంపలో వేసేసుకుంటారు. పదిహేను పైసలకి టీ, పావలాకి ముంత నిండా చోడి అంబలి. చోడవరం మనిషికి చోళ్ళు, అంటే రాగులు, కొత్తవి కావు గానీ, చలిలో నిలబడి వేడిగా తాగిన ఆ అంబలి రుచి వేరు.

వంతెనకి దారి అడుగుతుంటే కాలేజీ జట్టు ఒకటి తగిలింది. పదిమంది కుర్రాళ్ళు, టోపీలు, ఒక కెమెరా, వాళ్ళతో లెక్చరరు. దారి తెలిసినవాణ్ణి కుదుర్చుకున్నారు. మేమూ రావచ్చా అంటే లెక్చరరు సంతోషించాడు.

"ఈ వయసులో మీకు సాహసయాత్ర మీద ఆసక్తి ఉండడం గొప్ప విషయం మాష్టారూ," అన్నాడు.

నేను అవునన్నాను. పైడమ్మ నా వెనక చెప్పులు చేత పట్టుకుని నిలబడి ఉంది.

జామిపుట్టు గోడలు

మర్నాడు తెల్లవారాక నడక మొదలుపెట్టాం. కొండవాలంతా వలిసె చేలు పూసి పసుపచ్చగా ఉంది. కుర్రాళ్ళు ఆ పూల మధ్య నిలబడి ఫోటోలు తీసుకున్నారు. అంత అందం నాకు ఒంటికి పట్టలేదు.

గెడ్డకి ఇవతల ఆఖరి ఊరు జామిపుట్టు, ఇరవై గడప ఉంటుంది. మొదటి ఇంటి గుమ్మం పక్కన ఎర్రటి జేగురుతో గీసిన చదరం, అందులో ఒకదాని కింద ఒకటి తేదీలు, తేదీ పక్కన సంతకం. ఆ 'స' మా వాడిదే. తలకట్టు మొదలుపెడితే పక్కింటి దాకా లాగేవాడు. ఆ తలకట్టు పొట్టిగా రాయరా అని పలకల మీద పలకలు తుడిపించి, వేళ్ళ మీద బెత్తంతో కొట్టినవాణ్ణి నేనే. ఇప్పుడు ఆ పొడుగు తలకట్టు గోడకి అతుక్కుని నాకోసం ఎదురుచూసినట్టుంది.

పైడమ్మ కూడా పోల్చింది. ఆమెకి చదువు రాదు, అంకెలు వస్తాయి. వాడి డ్యూటీ కాగితాల మీద ఆ అక్షరం చూసి చూసి ఉంది. వేలితో దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది.

"ఆఖరిది ఇరవై నాలుగు గదా బావగారూ?"

"ఇరవై నాలుగు. శ్రావణంలోది."

వాడు వెళ్ళిన నెలే అది. దాని కింద నాలుగు నెలలు ఏమీ లేదు, తరవాత ఎవరో కొత్తవాడి సంతకాలు.

"పొద్దుట మా ఊళ్ళో, మద్దినేళ అవతలూళ్ళో. ఒక్కరోజే రెండూ సేసేవోడు మీ బాబు," అంది మా మాటలు విని బయటికొచ్చిన ఆ ఇంటావిడ. "వోన పడతంది, రేపెళ్ళు నాయినా అంటే ఇన్నేదు. తేదీ తప్పిపోద్దన్నాడు."

తేదీ తప్పకుండా ఉండడం వాడికి నేర్పింది కూడా నేనే. వాడి తోటివాళ్ళు వాన పడితే ఇవతలే కూచుని అవతల ఊరి కాగితాలు రాసేసేవారట. నువ్వలా చెయ్యకురా, చూడని ఇల్లు చూశానని రాయకు అని ఉద్యోగం వచ్చినరోజు చెప్పి పంపాను. ఆ గోడ ముందు నిలబడితే నా మంచిమాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

చెప్పుల రాయి

ఊరు దాటి అరమైలు వెళితే లోయ చప్పుడు వినిపిస్తుంది. వంతెన మొదట్లో ఒక పెద్ద బండ పక్కకి ఒరిగి చిన్న చావడిలా ఉంది. దాని కింద చెప్పుల జతలు. మీరు వెళితే ముందు తెలుసుకోవలసింది ఇదే. ఆ వంతెన మీద చెప్పులతో నడవకూడదు, వెదురు మీద జారుతుంది. బండ కింద విడిచి ఉత్తకాళ్ళతో దాటి, తిరిగివచ్చి వేసుకోవాలి. ఎవరి చెప్పులు ఎవరూ ముట్టుకోరు.

ఆ జతల వెనక, బండ లోపలికంటా ఒక జత ఉంది. లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. కుడిదాని పట్టీకి రాగితీగ చుట్టి ఉంది. ఆ తీగ చుట్టిన రోజు నేను మా అరుగు మీద కూచుని ఉన్నాను. కొత్తవి కొనుక్కోరా అంటే, "టైరు అరగదన్నయ్యా, నానే అరుగుతాను," అని నవ్వాడు.

పైడమ్మ వాటి ముందు గొంతుక్కూచుంది.

వంతెన కనిపెట్టుకుని ఉండే ముసలాయన పేరు గాసన్న. ఏటా కార్తీకంలో పాత వెదురు తీసి కొత్తది పరిచేది ఆయన మనుషులే. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు.

"ఆ సెప్పులు మా మడిసివి," అన్నాను. నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఇంటిమాట వచ్చింది.

"మలేరియా బాబుయి. మాకు తెల్దేటి?" అన్నాడు గాసన్న. "వోన జల్లు కొడితే లోనికి జరుపుతన్నాం. ఎండకి బిరుసెక్కకండా ఇప్పనూనె రాస్తన్నాం. బాబొచ్చి ఏసుకుంటాడు గదా."

"ఎప్పుడొస్తాడు?"

ఆయన గెడ్డ వైపు చూశాడు.

"రెండేళ్ళయింది తాతా. రెండేళ్ళలో ఒక్కసారైనా అవతల ఊరివాళ్ళని అడిగేరా, ఉన్నాడా లేడా అని?"

"అడక్కూడదు బాబూ. సెప్పులున్నాయంటే మడిసి అవతలున్నట్టే. అవతలున్న మడిసిని ఉన్నాడా నేడా అని అడిగితే గెడ్డ ఇంటాది. ఇంటే అట్టుకుపోద్ది."

ఆయన చొక్కా లేని భుజాలు పట్టుకుని ఊపెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఒక్కరు, ఒకేఒక్కరు ఆ సాయంత్రం అడిగి ఉంటే, గెడ్డ వెంట దిగి వెతికి ఉండేవారు కదా! నోరు తెరవబోయి ఆగిపోయాను. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడక్కూడదని మా ఇంట్లోనూ ఉంది. వాడు వెళ్ళిన ఆ పొద్దున ఎక్కడికని అడగబోయిన పైడమ్మని మా అమ్మే కసిరి ఊరుకోబెట్టింది. ఆ తరవాత నేనూ ఎవరినీ అడగలేదు. వీళ్ళు మా వాడి మేలుకోరి అడగలేదు. నేను నా పరువు కోసం అడగలేదు. కోప్పడే హక్కు ఎవరిదో మీరే చెప్పండి.

కానీ పైడమ్మ మొహం వెలిగింది. "ఇన్నారా బావగారూ, అవతలే ఉన్నాడంట," అంది.

వంతెన

నాలుగు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత లోతు. అడుగున తెల్లటి నీళ్ళు, నల్లటి బండలు. ఒక్కొక్కరే దాటాలి. దాటేవాళ్ళు ముందు "ఓ" అని కేకవేస్తారు, అవతల మనిషుంటే బదులు కేక వస్తుంది. మార్గశిరంలో వెదురు కొత్తది, పొడిగా గట్టిగా ఉంది. శ్రావణానికి అది తొమ్మిదినెలల పాతది, పైగా తడిసి ఉంటుంది. ఆ లెక్క నేను అడుగడుక్కీ వేసుకున్నాను.

కాలేజీ కుర్రాళ్ళు మాకంటే ముందు దాటారు. అవతల ఒడ్డున మోకులు పట్టుకుని నిలబడ్డారు. నేను నడిమధ్యకి వెళ్ళేసరికి సరదాగా వంతెన ఊపారు. నా కళ్ళజోడు జారి పడిపోయింది. అది కిందికి పోతూ ఒక్కసారి మెరిసింది, పడిన చప్పుడు వినిపించలేదు. మోకుని కావిలించుకుని అక్కడే కూలబడ్డాను. నాకు చచ్చేంత భయం వేసింది. వాడికీ ఇలాగే వేసి ఉంటుంది, వానలో, భుజాన ఆ గాజుపలకల పెట్టెతో, కేక వేస్తే పలికేవాళ్ళు లేకుండా. ఆ ఊహ వచ్చాక ఏడుపు ఆగలేదు. కుర్రాళ్ళు నేను భయపడి ఏడుస్తున్నాననుకుని నవ్వారు. లెక్చరరు వాళ్ళని తిట్టి ఊపడం మాన్పించాడు.

నా తరవాత పైడమ్మ దాటింది. నీలం చెప్పులు బండ దగ్గర విడిచి, చీర సంచి చంకన పెట్టుకుని, కిందికి చూడకుండా, ఎవరో పిలుస్తున్నట్టు గబగబా వచ్చేసింది. ఆమె దాటుతుంటే ఎవరూ వంతెన ఊపలేదు.

అవతల

అవతల ఊరు రాళ్ళగరువు. పది పన్నెండు ఇళ్ళు. కుర్రాళ్ళు వంతెన దగ్గరే వంటకి రాళ్ళు పేర్చుకుంటూ ఉండిపోయారు. మేమిద్దరం ఊళ్ళోకి నడిచాం. నాకు కళ్ళజోడు లేదు, గోడ మీద ఎర్రటి మరక తప్ప ఏమీ కనపడలేదు. మొహం గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాను.

అన్నీ పొడుగు తలకట్టు సంతకాలే. అన్నిటికంటే కిందిది అదే నెల తొమ్మిదో తేదీ. తరవాత ఖాళీ. తరవాత కొత్తవాడిది.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఉన్నాడమ్మా, ఇంకా పైకొండకి వెళ్ళాడట అని. మాట గొంతులో కూడా సిద్ధంగా ఉంది. కానీ ఆమె నా పక్కనే నిలబడి వేలితో గోడ మీద వెతుకుతోంది.

"ఇది తొమ్మిది గదా బావగారూ?"

"అవును."

"అవతల గోడ మీద ఇరవై నాలుగుంది గదా."

"ఉంది."

"మరి ఇరవై నాలుగేదీ?"

ఆమె రెండో ఇంటికి వెళ్ళింది. మూడో ఇంటికి వెళ్ళింది. ఊళ్ళో ప్రతి గోడ దగ్గరా ఆగింది. నేను వెనకాలే వెళ్ళాను, ఒక్క చోట కూడా చదవవలసిన అవసరం రాలేదు. ఆఖరి ఇంటి గోడ దగ్గర నేల మీద కూచుండిపోయింది.

ఆ ఇంటి ముసలావిడ ముంతతో అంబలి తెచ్చింది. "ఆ వోనల్లో బాబు రానేదు. వోనని మానేసేడనుకున్నాం. తరవాత బదిలీ అయిపోనాడేమో అనుకున్నాం," అంది. "మంచి గుంటడు. మాత్తర మింగితే సెక్కరిచ్చీవోడు."

"ఈ ఊళ్ళో ఆడోళ్ళెవులైనా..." అని పైడమ్మ మొదలుపెట్టింది. "ఆయన ఎవులింట్లోనైనా ఉండీవోడా అమ్మా? నానేటీ అనను. సెప్పండి."

ముసలావిడకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పైడమ్మ తల మీద చెయ్యి వేసింది. "నేదు తల్లీ. సీకటి పడకముందే ఎల్లిపోయీవోడు. ఇంటికాడ మా ఆవిడ సూస్తాదని ఎల్లిపోయీవోడు."

ఊరంతా కలిసి కట్టిన కథ ఆ ఒక్క మాటతో కూలిపోయింది. నా తమ్ముడి మీద మచ్చ లేదు. నాకు సంతోషం కలగాలి కదా? ఆ క్షణంలో వాడు చెడిపోయినవాడై ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

పైడమ్మ సంచి విప్పి ఆకుపచ్చ చీర తీసి ముసలావిడ ఒళ్ళో పెట్టింది. హల్వా విప్పి చుట్టూ చేరిన పిల్లలకి పంచింది. మా ఇద్దరికీ నోట పెట్టుకోవాలనిపించలేదు.

తిరుగుదారి

వంతెన మళ్ళీ దాటాం. గాసన్న బండ దగ్గరే ఉన్నాడు. మా మొహాలు చూశాడు, ఏమీ అడగలేదు. ఆయన అడగడని నాకు తెలుసు. నేను నా చెప్పులు తొడుక్కున్నాను.

పైడమ్మ బండ కిందికి వంగి టైరు చెప్పులు రెండూ బయటికి తీసింది. కొంగుతో తుడిచింది. నేల మీద పెట్టి వాటిలో కాళ్ళు దూర్చింది, నా ఎదుటే. ఆమె పాదాలు వాటిలో సగానికి కూడా రాలేదు. తన నీలం జత తీసుకెళ్ళి అవి ఉన్నచోటే, బండ లోపలికంటా సర్దింది.

"అమ్మా, ఇయి మీయి గదా. ఒగ్గేసి ఎల్లిపోతన్నారేటి?" అన్నాడు గాసన్న.

"ఉండనీ తాతా. ఎవులూ అడగరు గదా," అంది.

ఆమె ముందు నడిచింది, నేను వెనక. కళ్ళజోడు లేని నాకు ఆమె ఒక మసక ఆకారం. టైరు చెప్పులు మడమల నుంచి జారి రాళ్ళ మీద టపటపమని కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు నాకు తెలుసు. వాడు వీధిమొగలో ఉండగానే ఆ చప్పుడు విని, మా అమ్మ పొయ్యి మీద అన్నం వేడిపెట్టేది. పాడేరు దాకా ఆ చప్పుడు వెనకే నడిచాను.

చోడవరం వచ్చాక కర్మ చేయించాం. వాళ్ళ అన్నలు వచ్చి పిలిస్తే పైడమ్మ వెళ్ళలేదు. ఊళ్ళో వాళ్ళు ఇప్పుడు సన్యాసిని మంచివాడంటున్నారు. టైరు చెప్పులు మా గుమ్మం పక్కన ఉంటాయి, పొద్దున్నే ఆమె వాటికి నూనె రాస్తుంది.

మీరు ఆ వంతెన చూడబోతే బాగా ఎండకాసే నెలలో వెళ్ళండి. ఒక్కొక్కరే దాటండి, ఊపకండి. చెప్పులు బండ కింద విడిచేటప్పుడు లోపలికంటా నీలం పట్టీల ఆడచెప్పులు ఒక జత కనిపిస్తాయి. వాటిని కదపకండి. ఎవరివని కూడా అడగకండి.